మా బావగారికి మిగిలిన ఒక్క మాట

ఈ మధ్య గోళీసోడాలో గ్యాసు ఉండటం లేదు. ఎవరికీ పట్టినట్టు లేదు గానీ, నాకు మాత్రం దీని మీద చాలా కోపంగా ఉంది. వెనకటికి గోళీ నొక్కితే కుక్కపిల్ల తోక తొక్కినట్టు కుయ్యిమనేది. ఆ చప్పుడుకి పక్క వీధిలో వాడికి కూడా దాహం వేసేది. ఇప్పుడు నొక్కితే ముసలాడు మంచం దిగినట్టు 'హుస్'మంటోంది. ఆ రోజు నేను మా ఊరి సెంటర్లో సోడా కొట్టువాడితో ఇదే పంచాయితీ పెట్టుకుని కూర్చున్నాను.

"ఒరేయ్, ఇది సోడా కాదురా, మూతేసిన బావినీళ్ళు" అంటున్నాను.

"నీ ముక్కుల్లో పస తగ్గింది తాతా, నా సోడాలో కాదు" అంటున్నాడు వాడు.

అప్పుడు నూనెమిల్లు గుమాస్తా సైకిలు మీద వచ్చాడు. ఒక కాలు నేలకి ఆనించి, దిగకుండానే చెప్పాడు. మాచర్ల నుంచి మిల్లుకి ఫోను వచ్చిందట. మా వియ్యంకుడు పోయాడట. నేను ఏదో ఒకటి అంటానని వాడు కాసేపు చూశాడు. సోడా సీసా చేతిలోనే ఉంది. అందులో సగం ఉందో, అయిపోయిందో కూడా నాకు గుర్తు లేదు.

పెద్దకర్మ రోజున భోజనాలకి ముందు ఆయన గురించి నాలుగు మాటలు చెప్పమని అందరినీ అడిగారు. తలా ఒకటి చెప్పారు. నా వంతు వచ్చేసరికి జనమంతా నవ్వటానికి మొహాలు సిద్ధం చేసుకుని నా వైపు తిరిగారు. అది చూసి కూర్చుండిపోయాను. అప్పుడు చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను. నేను చదివింది అయిదో తరగతి, అదీ పూర్తిగా కాదు. తప్పులుంటే మీరే దిద్దుకుని చదువుకోండి.

ఆయన ఎర్రబస్సు కండక్టరు. మాచర్లలో ఎక్కి గురజాల, పిడుగురాళ్ల మీదుగా మా నరసరావుపేట దాకా వచ్చి, మళ్ళీ అదే దారిన వెనక్కి పోయేవాడు. ఆయన ఒక్కగానొక్క కొడుక్కే మా అమ్మాయిని ఇచ్చాను. మేమిద్దరం ఒకరినొకరు బావగారూ అని పిలుచుకునేవాళ్ళం. మా వైపు వియ్యంకులు ఎదురుపడితే ఎగతాళి చేసుకుని తీరాలి. చేసుకోకపోతే లోపల ఏదో పెట్టుకున్నారని జనం అనుకుంటారు. మేము ఆ అనుమానం ఎవరికీ రానివ్వలేదు. "మీ బస్సెక్కి వచ్చిన మా కోడి గుడ్డు పెట్టటం మానేసింది బావగారూ" అని నేనంటే, "గుంటల దెబ్బకి దారిలోనే పెట్టేసింది. లగేజీ కింద రాయలేదు, సంతోషించండి" అని ఆయన అనేవాడు.

'రైట్' అనే మాట చేత ఆయన చేయించుకున్నన్ని పనులు ఆ మాటని పుట్టించిన దొరలు కూడా చేయించుకుని ఉండరు. బస్సు కదలాలంటే రైట్. కుడివైపు తిరగాలంటే రైట్. ఎవడన్నా నిజం చెబితే టక్కున రైట్. అబద్ధం చెబితే అదే మాటని జీడిపాకంలా సాగదీసేవాడు. నువ్వు చెప్పింది విన్నాను, నమ్మలేదు, అయినా కూర్చో అని దానికి అర్థం. అన్నం ఇక చాలంటే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి రైట్. బాకీ తీరితే రైట్, ఒంట్లో నలత తగ్గితే రైట్. పనిలోంచి ఎవణ్ణన్నా తీసేస్తే, వాడికి రైట్ చెప్పారనేవాడు. తెలిసినవాడెవడన్నా పోయాడని వింటే మాత్రం తల వంచుకుని, ఎవరికీ వినపడనంత మెల్లగా అనేవాడు. ఆ ఒక్కచోట ఆ మాటకి చప్పుడు ఉండేది కాదు.

మా అమ్మాయిని చూసుకోవటానికి వచ్చిన రోజున ఉప్మా తిన్నారు, కాఫీ తాగారు, పిల్లని చూశారు. ఈయన లేచి నిలబడి, కండువా దులిపి భుజాన వేసుకుని, "రైట్!" అని గుమ్మం దిగి చక్కా పోయాడు. వెనకే కొడుకూ పోయాడు. వంటింట్లోంచి మా ఆవిడ బయటికి వచ్చింది.

"ఏందయ్యా, ఒప్పుకున్నట్టా, పోయొస్తామన్నట్టా?"

"నన్నడుగుతావేందే? నేనేమన్నా డ్రైవర్నా?" అన్నాను.

అన్నానే గానీ ప్రాణం ఆగలేదు. పంచె ఎగ్గట్టుకుని వీధి చివరిదాకా పరిగెత్తి ఆయన్ని ఆపాను. "మిమ్మల్ని బావగారూ అనాలా, కండక్టరుగారూ అనాలా? అదొక్కటి చెప్పి పోండి" అన్నాను. ఆయన వెనక్కి తిరిగి మీసం కింద నవ్వాడు. "బావగారూ అనే పిలవండి. టిక్కెట్టు అడగన్లే" అన్నాడు. సంబంధం అలా కుదిరింది.

ఆ తర్వాత నేను పేట నుంచి మాచర్లకి ఎప్పుడు వెళ్ళినా ఆయన బస్సు కోసమే కాచుకుని ఎక్కేవాణ్ణి. టిక్కెట్టు అడగనన్నాడు గానీ, అడిగేవాడు. పిడుగురాళ్లలో సున్నం బట్టీల కూలీలు తలకి, కనురెప్పలకి తెల్లపొడితో ఎక్కేవాళ్ళు. ఇస్త్రీ బట్టలవాళ్ళు మూతి ముడుచుకుని పక్కకి జరిగేవాళ్ళు. ఈయన బస్సంతా వినపడేటట్టు, "జరక్కండయ్యా, జరక్కండి. ఆ పొడి మీ గోడలకి రాస్తే పండగ, మీ చొక్కాకి అంటితే పాపమా?" అనేవాడు. వెనక్కి చూడకుండా రైట్ అనకూడదని ఆయన ఎప్పుడూ చెప్పేవాడు. "ముందుకి చూడటానికి డ్రైవరున్నాడు. ఎక్కేవాడి కాలు గాల్లో ఉందో మెట్టు మీదుందో చూసేవాడు ఎవడుండాడు, నేను తప్ప?" అనేవాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఎర్రబస్సులో గంటతాడు అనేది ఒకటుండాలి. ఆయన బస్సులో అది ఎప్పుడూ తెగే ఉండేది. పోనీ నోటితో చెబుదామా అంటే, బస్సు నిండా రైట్ అనేవాళ్ళే. ఫుట్‌బోర్డు మీద కుర్రాళ్ళు అంటారు, తొందరున్న ముసలాళ్ళు అంటారు, తమాషాకి నేనూ అంటాను. అందుకని డ్రైవరుకీ ఈయనకీ మధ్య ఒక కట్టుబాటు ఉండేది. నోటితో ఎవరు ఏమన్నా డ్రైవరు లెక్క చెయ్యడు. ఈయన వేలి కణుపుతో తలుపు కమ్మీ మీద కొట్టాలి. ఒక దెబ్బ కొడితే ఆపాలి. రెండు కొడితే పోనియ్యాలి. మా అల్లుడు చిన్నప్పుడు బడి సెలవులంతా ఆ బస్సులోనే, ఇంజను మూత మీద కూర్చుని తిరిగాడు. అంత మోతలోనూ వాళ్ళ నాన్న కొట్టిన దెబ్బ డ్రైవరు కంటే ముందు తనకే వినపడేదని గొప్పగా చెప్పుకునేవాడు.

ఆయన రిటైరై ఇంటిపట్టున కూర్చున్నాక వచ్చిన వానాకాలంలో, పొద్దున్నే పళ్ళు తోముకుంటూ పెరట్లో పడిపోయాడు. గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. ప్రాణం నిలిచింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాటలన్నీ పోయాయి, ఒక్కటి తప్ప. ఏది పోయి ఏది మిగలాలో ఎవరు తేల్చారో తెలియదు. ఎప్పుడో కాలం చేసిన పెళ్ళాం పేరు పోయింది, కొడుకు పేరు పోయింది, నీళ్ళు అన్నం అనేవి పోయాయి. రైట్ మిగిలింది.

నేను వెళ్ళేసరికి ముందు గదిలో కిటికీ పక్కన పట్టెమంచం మీద పడుకుని ఉన్నాడు. చుట్టూ జనం. మొహాలు చూసి నాకు భయమేసింది. భయమేస్తే నాకు వచ్చేది ఎగతాళి ఒక్కటే.

"ఏంది బావగారూ, జన్మంతా నిలబడి, ఇప్పటికి సీటు దొరికిందని ఇట్టా పడుకున్నారా?"

ఆయన నా వైపు చూశాడు. "రైట్" అన్నాడు. ఎడమ కంటి చివర నుంచి నీళ్ళు చెవిలోకి జారాయి. మా అమ్మాయి నా చెయ్యి గిల్లింది.

నేను ఉండిపోదామని వెళ్ళలేదు. చూసి వచ్చేద్దామనుకున్నాను. ఆడపిల్ల ఇంట్లో తండ్రి రోజుల తరబడి కూర్చుని తినటం మా వైపు బాగోదు. కానీ నేను సంచి చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఆయన ఎడమ చేత్తో నా పంచె చెంగు పట్టుకుని, "రైట్, రైట్, రైట్" అని ఊపిరి అందకుండా అనేవాడు. చెంగు విడిపించుకోవాలంటే ఒక్కొక్క వేలూ ఊడదీయాలి. నాకు చేతులు రాలేదు. సంచి మళ్ళీ కొయ్యకి తగిలించేవాణ్ణి. అక్కడ మా చేలో మిరప కలుపుకొచ్చింది, ఇక్కడ నేను నాపరాళ్ళ కప్పు కింద విసనకర్ర పట్టుకుని కూర్చున్నాను. ఎదురింటాయన అరుగు మీద నుంచి రోజూ అడిగేవాడు, "ఏంది పెద్దాయనా, ఇల్లరికం వచ్చావా?" అని. "వచ్చాను, కట్నం కుదరక ఆగింది" అనేవాణ్ణి. లోపలికి వచ్చాక మాత్రం నవ్వు వచ్చేది కాదు.

పలకరించటానికి వచ్చినవాళ్ళు ఆయనకి చెవుడు వచ్చినట్టు అరిచేవాళ్ళు, లేకపోతే చంటిపిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడేవాళ్ళు. "తాతా, బువ్వ తిన్నావా? బువ్వ?" అని మూతి దగ్గర చెయ్యి ఆడించి చూపించేవాళ్ళు. బస్సు నిండా జనాన్ని కంటిచూపుతో సర్దిన మనిషి ఆయన. "రైట్" అనేవాడు. "అన్నిటికీ రైటే అంటుండాడు, పాపం మతి పోయింది" అని చెప్పుకుంటూ గుమ్మం దిగేవాళ్ళు. ఆ మాట కూడా ఆయన వినేవాడు.

మా అల్లుడు మంచివాడు. మార్కెట్ యార్డులో గుమాస్తా. తండ్రిని అడక్కుండా ఏ పనీ చెయ్యలేదు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. అడిగేవాడు. ఆయన రైట్ అనేవాడు. అంటే సరేనన్నాడని చేసేసేవాడు.

"నాన్నా, రేడియో నువ్వు వినటం లేదుగా, పక్కింటి చిన్నాన్న అడుగుతున్నాడు, ఇద్దామా?" "రైట్." రేడియో పోయింది. "నాన్నా, ఇక్కడ వచ్చేపోయేవాళ్ళ గోల. వెనక వసారాలో చల్లగుంటది, మంచం అటు మార్చమంటావా?" "రైట్." మంచం వసారాలోకి పోయింది. అక్కడ ఎదురుగా పక్కవాళ్ళ గోడ, గోడ నిండా పిడకలు. మనుషులు కనపడరు. ఆ తర్వాత మీసం. గంజి తాగిస్తుంటే మీసానికి అంటుకుంటోందని మా అమ్మాయే అంది. మంగలి వచ్చి కత్తి నూరుతుంటే ఈయన తల అటూ ఇటూ కొట్టుకున్నాడు. "రైట్! రైట్!" అని అరిచాడు. "అయిపోద్ది నాన్నా, రైటే, రైటే" అని అల్లుడు బుజ్జగిస్తూ తల పట్టుకున్నాడు.

మీసం లేని ఆ మొహం చూసి నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే కూడా నాకు వచ్చేది అదే. అందరూ పోయాక దగ్గరగా వంగి, "బావగారూ, మీసం తీసేసరికి అచ్చం టిక్కెట్టు లేకుండా దొరికినవాడిలా ఉన్నారు" అన్నాను.

అప్పుడు ఆయన అన్న రైట్ ఉందే, ఫుట్‌బోర్డు మీద వేలాడేవాణ్ణి దింపేసేటప్పుడు అనేదే అది. అదే గొంతు, అదే కోపం, కోపం చివర అదే నవ్వు. మనిషి ఎక్కడికీ పోలేదు. మొత్తం లోపలే ఉన్నాడు. తలుపు బిగుసుకుపోయింది, అంతే.

ఆ రోజు నుంచి నేను మాట్లాడటం ఆపలేదు. ఆయన కోపంగా అంటే ఒకటి, మెల్లగా అంటే ఒకటి, వెంటవెంటనే అంటే ఒకటి. అన్నీ నాకు తెలిశాయని చెప్పను. సగం తెలిసేవి. మిగతా సగం తప్పు పట్టుకుని తిట్లు తినేవాణ్ణి. తిట్టినా అదే మాట.

"అల్లుడుగారూ, మీ నాన్నగారికి అన్నీ తెలుస్తున్నాయి. వద్దన్నా ఆ మాటే వస్తోంది, అంతే" అని ఒకసారి కాదు, చాలాసార్లు చెప్పాను. అల్లుడు నమ్మలేదు. అల్లుడి తప్పేమీ లేదు. అంతకుముందు వారమే నేను, "బావగారికి మిరపకాయ బజ్జీల మీద మనసైందండీ" అని అల్లుడి చేత పొట్లం తెప్పించి, మొత్తం నేనే తినేశాను. మూతి తుడుచుకుంటుంటే మా అమ్మాయికి దొరికిపోయాను. బతుకంతా ప్రతిదాన్నీ తమాషా చేసినవాడు ఒక్కరోజు నిజం చెబితే ఎవరు వింటారు?

"మావయ్యగారూ, మీకు అన్నీ నవ్వులాటగానే ఉంటయ్" అన్నాడు అల్లుడు. అంతటితో నా నోరూ పడిపోయినట్టే అయింది. ఆయనకి ఒక్క మాటే మిగిలితే, నాకు మాటలన్నీ ఉండి ఒక్కటీ చెల్లలేదు. ఇద్దరం కలిసి పిడకల గోడ చూస్తూ కూర్చునేవాళ్ళం.

మందులు మొదలయ్యాయి. ఒకరు పసరన్నారు. ఒకరు పావురం నెత్తురు పట్టించమన్నారు, పట్టించారు. ఉప్పు మానిపించారు, కారం మానిపించారు. ప్రతిదానికీ ముందు అడిగారు, ప్రతిదానికీ ఆయన రైట్ అన్నాడు. చివరికి దుర్గి అవతల ఊరి నుంచి వాతల వైద్యుణ్ణి పిలిపించారు. మోసగాడు కాదు. తను చేసేదాన్ని మనసారా నమ్మినవాడు. మెడ మీద రెండు వాతలు, నాలుక మీద ఒకటి పెడితే మాట తిరిగి వస్తుందన్నాడు.

కాలిన నాలుకకి మాట తిరిగిరావటం సంగతి దేవుడెరుగు, ఉన్న ఆ ఒక్కటి కూడా పోతే? ఆ తర్వాత ఆయన లోపల ఉన్నాడని ఎవరికి తెలుస్తుంది? నాక్కూడా తెలియదు.

వసారాలో కుంపటి పెట్టారు. బొగ్గుల్లో సన్నటి ఇనప కడ్డీ పెట్టి ఆ వైద్యుడు విసురుతున్నాడు. ఇరుగుపొరుగు వచ్చి గోడవార నిలబడ్డారు. మా అమ్మాయి చెంగు నోట్లో కుక్కుకుని గుమ్మం పట్టుకుంది. నేను మంచం తలవైపు, కింద కూర్చున్నాను.

"మా అయ్య పెట్టిన కట్టు ఒకటుండాది" అన్నాడు వైద్యుడు. "పడుకున్నోళ్ళు తమ నోటితో ఒప్పుకోవాల. ఒప్పుకోకపోతే నేను ముట్టుకోను. అడగండి బాబూ."

అల్లుడు మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "నాన్నా, కొంచెం మంటపుడద్ది. తర్వాత నువ్వు మళ్ళీ మాట్లాడతావు. నన్ను పేరు పెట్టి పిలుస్తావు. పెట్టిద్దామా?"

"రైట్! రైట్, రైట్, రైట్!"

"ఇంకోపాలి అడగండి" అన్నాడు వైద్యుడు.

అడిగాడు. ఆయన గొంతు చీరుకుపోయేటట్టు అదే మాట అన్నాడు. కళ్ళు కుంపటి మీద ఉన్నాయి. మెడ నరాలు తేలాయి.

"వద్దంటున్నాడయ్యా! ఆ కళ్ళు చూడండి, వద్దంటున్నాడు!" అని నేను అరిచాను.

"గమ్మునుండు నాన్నా, ఇప్పుడు కూడానా!" అంది మా అమ్మాయి ఏడుస్తూ. గోడవార ఎవరో కిసుక్కున నవ్వారు కూడా. నేను అరిస్తే నవ్వటం వాళ్ళకి అలవాటు.

వైద్యుడు కడ్డీ బయటికి తీశాడు. కొస ఎర్రగా ఉంది. అల్లుడు తండ్రి గడ్డం పట్టుకున్నాడు.

'టక్.'

మంచం పట్టె మీద ఒక దెబ్బ పడింది. పెద్ద చప్పుడేమీ కాదు. అల్లుడి చెయ్యి గడ్డం మీదే ఆగిపోయింది. అల్లుడి మొహం నేను చూశాను. అది పెద్దవాడి మొహం కాదు, ఇంజను మూత మీద కూర్చున్న పిల్లాడి మొహం.

"ఆగండి" అన్నాడు వైద్యుడితో. తర్వాత తండ్రి మీదికి వంగి అడిగాడు. "నాన్నా... ఆపమన్నావా?"

వైద్యుడు కడ్డీని పక్కకి జరిపాడు.

'టక్, టక్.'

రెండంటే రైట్, ఔనని. "ఆపమనే అన్నాడు" అన్నాడు అల్లుడు. వైద్యుడు ఇంకేమీ అడగలేదు. లేచి కడ్డీని నీళ్ళ బకెట్లో ముంచాడు. చుయ్యిమంది. "ఆయన ఒప్పుకోలేదు. నాకిక్కడ పనిలేదు" అని కుంపటి ఆర్పుకుని, మజ్జిగ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. అల్లుడు తండ్రి గుండె మీద తల పెట్టుకుని, "ఇన్నాళ్ళూ ఉండావా నాన్నా? లోపల ఉండావా?" అని ఒకటే ఏడుపు. ఆయన ఎడమ చెయ్యి కొడుకు జుట్టులోకి పోయింది.

ఆ తర్వాత ఇంట్లో అడగటం మారింది. అడిగి, నోటి వైపు కాకుండా చేతి వైపు చూసేవాళ్ళు. పట్టెమంచం మళ్ళీ కిటికీ పక్కకి వచ్చింది. రేడియో తిరిగి తెచ్చారు. మంగలి వస్తే ఒక్క దెబ్బ, వాడు గడ్డం మటుకు చేసి పోయేవాడు. మీసం మళ్ళీ వచ్చింది, ఈసారి పూర్తిగా తెల్లగా. కారం తెమ్మంటారా అంటే ఎన్ని దెబ్బలు కొట్టేవాడో ఆయనకే తెలియదు. మాట మాత్రం రాలేదు. చివరిదాకా అన్నిటికీ రైట్ అనే అన్నాడు. కానీ ఇప్పుడు ఆ మాట ఆయన్ని ఏమీ చెయ్యలేకపోయింది.

మిరప కోతకొచ్చినప్పుడు, "బావగారూ, ఇంటికి పోయి రానా?" అని అడిగాను. ఒక దెబ్బ. మర్నాడు అడిగాను, ఒక దెబ్బ. "ఇదేం అన్యాయమయ్యా, డిపోలో పెట్టి తాళం వేస్తారా నన్ను?" అని పోట్లాడాను. కొన్నాళ్ళ తర్వాత ఒక పొద్దున, నేను అడగకముందే, నా సంచి వైపు చూసి రెండు కొట్టాడు. నేను బస్సెక్కాను. ఆ తర్వాత పండక్కీ పబ్బానికీ వెళ్ళి చూసి వస్తూనే ఉన్నాను గానీ, పోయేటప్పుడు దగ్గర లేను.

పెద్దకర్మ నాడు అందరూ చెప్పింది ఆ దెబ్బ గురించే. మాట పోయినా తెలివి పోలేదన్నారు. నిప్పుల ముందు కూడా కండక్టరు కండక్టరేనన్నారు. మా అల్లుడు చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాడు. అప్పుడే నా వంతు వచ్చింది. నేను ఏమని చెప్పను?

మొదటి దెబ్బ నాది.

మంచం తలవైపు కూర్చున్నానని చెప్పాను కదా. దుప్పటి అంచు నేల దాకా వేలాడుతోంది. దాని వెనక నా చెయ్యి ఎవరికీ కనపడదు. నిజం చెబితే నమ్మలేదు, అందుకని దొంగపని చేశాను. బతుకంతా చేసిన కొంటెపనుల్లో నవ్వు రానిది అదొక్కటే. మంచం బస్సు కాదు కాబట్టి కణుపుతో కొట్టాలని ఆయనకి అప్పటిదాకా తట్టలేదేమో. అల్లుడు ఆగితే చాలు, ఆ తర్వాత ఏదో ఒకటి చూసుకుందామనుకున్నాను.

కానీ అల్లుడు ఆగి ఊరుకోలేదు. అడిగాడు. అడుగుతాడని నేను అనుకోలేదు. చెయ్యి దుప్పటి వెనక నుంచి తీసేసి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఇక అయిపోయింది, దొరికిపోయానని తల పైకెత్తాను. ఆయన నన్నే చూస్తున్నాడు. కొడుకుని కాదు, కుంపటిని కాదు, నన్ను. మూతి ఎడమ పక్క కొంచెంగా పైకి లేచింది. నా కళ్ళలోకి చూస్తూనే, ఎడమ చేతి కణుపుతో పట్టె మీద రెండు కొట్టాడు. కొట్టి, కదిలే బస్సులో తలుపు కమ్మీ పట్టుకున్నట్టు ఆ పట్టెని గట్టిగా పట్టుకున్నాడు. కొడుకు మీద పడి ఏడుస్తుంటే ఆయన లోపల నవ్వుకుంటున్నాడు. చప్పుడు లేదు. మంచం మాత్రం మెల్లగా కిర్రుకిర్రుమని ఊగుతోంది.